కాంతితో అయస్కాంతాన్ని కదిలించడం: బంగారం–కోబాల్ట్ నానో డిస్కులతో నా అనుభవం

ఈ ప్రయోగంలో సిగ్నల్ రాబట్టడం కష్టం కాదు. బంగారం, కోబాల్ట్ కలిసిన నానో డిస్కుల మీద ఫెమ్టోసెకను (10⁻¹⁵ సెకను) లేజర్ పల్సు పడితే అయస్కాంతీకరణ కదిలి తీరుతుంది. ఆప్టిక్స్ సర్దుకున్న తొలి రోజే తెర మీద గీత కిందికి దిగడం కనిపిస్తుంది. ఆ గీతలో వట్టి వేడి వల్ల వచ్చింది ఎంత, కాంతి తిరిగే దిశ (ధ్రువణం కుడికి తిరుగుతోందా, ఎడమకా; కింద ‘కాంతి దిశ’ అన్నది దీన్నే) వల్ల వచ్చింది ఎంత అని తేల్చడం దగ్గరే అసలు పని మొదలవుతుంది. పొరల మందం, డిస్కు గుండ్రదనం, క్వార్టర్ వేవ్ ప్లేట్ (సరళ ధ్రువణ కాంతిని వృత్తాకారంగా మార్చే పలక) పెట్టే చోటు, ఇలా ముందు చేసే ప్రతి పనీ చివర్లో ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి నిలబడుతుంది. అందుకే తయారీ నుంచి కొలత దాకా వరసగా చెబుతున్నాను.

ఈ జాగ్రత్త ఎందుకో ఈ రంగం చరిత్రే చెబుతుంది. 1996లో 22 నానోమీటర్ల నికెల్ పొర మీద 60 ఫెమ్టోసెకన్ల పల్సు వేస్తే, పికోసెకను (వెయ్యి ఫెమ్టోసెకన్లు) తిరగకముందే అయస్కాంతత్వం తగ్గిపోయిందని బోర్‌పేర్, బిగో బృందం చూపించింది. 2007లో నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో స్టాన్‌చు, కిమెల్, రాసింగ్ తదితరులు గాడోలినియం–ఇనుము–కోబాల్ట్ మిశ్రలోహంలో బయటి అయస్కాంత క్షేత్రం లేకుండా, కాంతిని కుడికో ఎడమకో తిప్పి బిట్లను మార్చారు. కాంతి తానే అయస్కాంత క్షేత్రంలా పనిచేస్తోందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2012లో అదే మిశ్రలోహంలో, తిరుగుడు లేని సరళ ధ్రువణ కాంతితోనే, అంటే వేడితోనే బిట్ మారుతుందని తేలింది. కుడి, ఎడమ కాంతుల మధ్య కనబడిన తేడాకు ఆ రెంటినీ పదార్థం కొద్దిగా హెచ్చుతగ్గులుగా పీల్చుకోవడం చాలన్న వివరణా అదే ఏడాది వచ్చింది. 2014లో కోబాల్ట్–ప్లాటినం లాంటి ఫెర్రో అయస్కాంత పొరల్లోనూ కాంతి దిశను బట్టి మార్పు కనిపించేసరికి ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

బంగారం ఎందుకంటే, సరైన కొలతలో ఉన్న బంగారు డిస్కులో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగుతాయి. దీన్నే ప్లాస్మాన్ అనునాదం అంటాం. అనునాదం దగ్గర డిస్కు ఒంటినంటుకుని ఉన్న విద్యుత్ క్షేత్రం, పడిన కాంతి క్షేత్రానికి ఎన్నో రెట్లవుతుంది. కాంతి వృత్తాకారంగా ధ్రువితమైతే ఎలక్ట్రాన్లు కూడా చుట్టు తిరుగుతాయి. చుట్టు తిరిగే విద్యుత్ ప్రవాహమంటే చిన్న అయస్కాంతమే. ఇది విలోమ ఫారడే ప్రభావంలో (తిరిగే కాంతి పదార్థంలో అయస్కాంతీకరణ పుట్టించడంలో) భాగం; మామూలు పదార్థాల్లో దీన్ని 1965లోనే కొలిచారు. బంగారంలో పుట్టే ఈ చుట్టు ప్రవాహం పక్కనే ఉన్న కోబాల్ట్‌ను కదపగలదా అన్నది మా ప్రశ్న.

పొరలు వేయడం

మేము వాడిన వరస ఇది. అర మిల్లీమీటరు ఫ్యూజ్డ్ సిలికా పలక మీద టైటానియం 1, బంగారం 20, ప్లాటినం 2 నానోమీటర్లు; ఆపైన కోబాల్ట్ 0.5, ప్లాటినం 0.8 నానోమీటర్ల జంట నాలుగు సార్లు; అన్నిటికీ పైన బంగారం 5. మొత్తం ఎత్తు సుమారు 33 నానోమీటర్లు, అందులో కోబాల్ట్ వాటా 2 నానోమీటర్లే. కోబాల్ట్‌ను ఇంత పలచగా పెట్టింది అయస్కాంతీకరణ పొరకు లంబంగా నిలబడాలని. కోబాల్ట్–ప్లాటినం హద్దులే దాన్ని నిలబెడతాయి. పొర మందమైతే అది పడుకుని పొర తలంలోకి వెళ్లిపోతుంది. లంబంగా వచ్చే కాంతి పుట్టించే క్షేత్రం కూడా లంబంగానే ఉంటుంది కాబట్టి మనకు నిలబడ్డ అయస్కాంతమే కావాలి.

టైటానియం అతుకు కోసం. 1 నానోమీటరు చాలు. 3 నుంచి 5 దాకా వేసే అలవాటు చాలామందికి ఉంది, కానీ టైటానియం, క్రోమియం రెండూ ప్లాస్మాన్‌ను మింగేస్తాయి. పై బంగారం 5కు మించకపోవడానికి కారణం ప్రోబ్ కాంతి, అంటే పంపు పల్సు నమూనాను కదిపాక దాని స్థితిని చదివే రెండో, బలహీన పల్సు. అది కోబాల్ట్ దాకా దిగి, తిరిగి పైకి రావాలి.

స్పట్టరింగ్ (అయాన్లతో లోహం అణువులను రాల్చి పలక మీద పొరగా వేసే పద్ధతి) గదిలో పీడనం 5 × 10⁻⁸ మిల్లీబార్లకు దిగనిదే మొదలుపెట్టకూడదు. ఆర్గాన్ 3 × 10⁻³ మిల్లీబార్లు, పలక గది ఉష్ణోగ్రతలోనే. కోబాల్ట్ సెకనుకు 0.03 నానోమీటర్ల చొప్పున పడితే 0.5 నానోమీటర్లకు 17 సెకన్లు పడుతుంది. ఈ వేగాన్ని క్వార్ట్జ్ క్రిస్టల్ మీటరు చెప్పిందని నమ్మి వదిలేయకండి. విడిగా 40 నానోమీటర్ల కోబాల్ట్ పొర వేసి, ఎక్స్‌రే పరావర్తనంతో మందం కొలిచి వేగాన్ని లెక్కగట్టాలి. 0.1 నానోమీటరు పొరపాటంటే కోబాల్ట్‌లో అయిదో వంతు. పలక శుభ్రత మామూలే: ఎసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), అల్ట్రాసౌండ్‌లో చెరో పది నిమిషాలు, నైట్రోజన్ ఊదుడు, ఆపైన ఆక్సిజన్ ప్లాస్మా. ఈ ప్లాస్మా శుభ్రతను పొరలు వేయకముందే చేయాలి. డిస్కులు కోశాక చేస్తే అంచుల్లో బయటపడ్డ కోబాల్ట్ ఆక్సైడ్ అవుతుంది.

డిస్కులు కోయడం

రెసిస్ట్‌లో (ఆకారాలు రాసే పూతలో) గుంటలు చేసి, అందులో లోహం వేసి, మిగతాది ఎత్తేసే లిఫ్టాఫ్ పద్ధతి ఈ పొరలకు కుదరలేదు. స్పట్టరింగ్‌లో అణువులు అన్ని వైపుల నుంచీ వస్తాయి, గుంట గోడలకూ అంటుకుంటాయి. రెసిస్ట్ తీశాక డిస్కు చుట్టూ గోడలా లోహం లేచి నిలబడుతుంది. ఆవిరి పద్ధతిలో లోహం నిటారుగానే పడుతుంది గానీ, ప్లాటినం కరగడానికి 1768 డిగ్రీల సెల్సియస్ కావాలి. దాన్ని కరిగించే మూస నుంచి వచ్చే వేడికి రెసిస్ట్ గట్టిపడిపోయి తర్వాత కరగదు. అందుకే ముందు పొరంతా వేసి, నెగటివ్ రెసిస్ట్‌తో ఎలక్ట్రాన్ కిరణంతో డిస్కులు రాసి, ఆర్గాన్ అయాన్లతో కోశాం. ఇందులో ఇంకో లాభం ఉంది. కింద లోహపు పొర అఖండంగా ఉంటుంది కాబట్టి గాజు మీద రాసేటప్పుడు పేరుకునే ఆవేశం బెడద ఉండదు.

అయాన్ల శక్తి 400 ఎలక్ట్రాన్ వోల్టులు. 30 సెకన్లు కోత, 60 సెకన్లు విరామం. విరామం ఇవ్వకపోతే రెసిస్ట్ మాడడమే కాదు, కోబాల్ట్, ప్లాటినం ఒకదాంట్లోకి ఒకటి చొరబడి లంబ అయస్కాంతత్వం నీరసిస్తుంది. కోత రెండు కోణాల్లో చేయాలి: ముందు లంబానికి 10 డిగ్రీలలో అసలు కోత, తర్వాత 70 డిగ్రీలలో కొద్దిసేపు పక్కగోడల కోత. కోసిన బంగారమే తిరిగొచ్చి డిస్కు పక్కలకు అంటుకుంటుంది, రెండో కోత దాన్ని తుడిచేయడానికి. గాజు బయటపడ్డాక ఆవేశం పేరుకుంటుంది, దాన్ని తీసేసే న్యూట్రలైజర్ తప్పకుండా వెలుగుతూ ఉండాలి. చివర్లో పలక అంచు వైపు చూస్తుంటే బంగారు రంగు మొదట ఆకుపచ్చ పారదర్శకంగా పలచబడి, ఆపైన బూడిద రంగుకు తిరిగి, ఒక్కసారిగా గాజు తేలిపోతుంది. అక్కడ నుంచి ఇంకో 5 నానోమీటర్లు గాజులోకి దిగితే పర్వాలేదు. అంతకు మించితే ప్రతి డిస్కూ గాజు స్తంభం మీద కూర్చున్నట్టవుతుంది, అనునాదం నీలం వైపు జరుగుతుంది.

ఒక్కో అమరిక 200 మైక్రోమీటర్ల చదరం. డిస్కుల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 350 నానోమీటర్లు. ఒక్క చదరంలో సుమారు 3.27 లక్షల డిస్కులు. ఈ 350ని ఊరికే ఎంచుకోలేదు. దూరాన్ని 550గా పెడితే, గాజు వక్రీభవన గుణకం 1.46తో గుణించేసరికి, గాజు వైపు వివర్తన కిరణాలు లేచే తరంగదైర్ఘ్య హద్దు 803 నానోమీటర్లవుతుంది. మన పంపు లేజరు 800 దగ్గర ఉంది. అప్పుడు డిస్కుల అనునాదమూ, అమరిక వివర్తనమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, స్పెక్ట్రమ్ ఆకారం అర్థం కాకుండా పోతుంది. 350 అయితే ఆ హద్దు 511 దగ్గరే ఆగిపోతుంది. 400 నానోమీటర్ల ప్రోబ్‌కు కూడా, పడే కోణం 8 డిగ్రీల లోపుంటే, గాలి వైపు వివర్తన కిరణాలు లేవవు.

వ్యాసాన్ని లెక్కగట్టి ఒక్కటే రాయడం పొరపాటు. 100 నుంచి 200 నానోమీటర్ల దాకా 10 తేడాతో పదకొండు చదరాలు రాసి, మైక్రోస్కోపు స్పెక్ట్రోమీటరుతో ఒక్కోదాని పారగమ్యత చూసి, 800 దగ్గర లోయ ఉన్నదాన్ని ఎంచుకోండి. లోయ వెడల్పుగా, నిస్సారంగా కనిపిస్తే భయపడక్కర్లేదు. ప్లాటినం, కోబాల్ట్ రెండూ కాంతిని బాగా పీల్చే లోహాలు. ఉత్త బంగారు డిస్కులకుండే పదునైన లోయ వీటికి రాదు. అదే పలక మీద ఇంకో మూడు తప్పనిసరిగా ఉండాలి: కోయని పొర ఉన్న చదరం, అనునాదం 800కు దూరంగా ఉన్న డిస్కులు, ఏమీ లేని గాజు. వీటికి తోడు రెండో పలక మీద కోబాల్ట్ లేకుండా, దాని మందం ప్లాటినంతో పూరించిన డిస్కులు. ఈ చివరిది లేకుండా కాంతి దిశ గురించి ఏ మాటా చెప్పలేం. ఎందుకో కింద చెబుతాను.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి గుండ్రదనం చూడాలనిపిస్తుంది. కొలిచే పలకను పెట్టకండి. పక్కనే కోసిన జంట పలకను పెట్టండి. ఎలక్ట్రాన్ కిరణం పడిన చోట కార్బన్ పొర పేరుకుని అనునాదం పక్కకు జరిగిపోతుంది.

అయస్కాంతం బతికే ఉందా

కోయని పొరను వీఎస్ఎంలో (నమూనాను కంపింపజేసి అయస్కాంతత్వం కొలిచే పరికరంలో) కొలవొచ్చు. డిస్కులను కొలవలేం. లెక్క చూడండి: 140 నానోమీటర్ల వ్యాసం, 2 నానోమీటర్ల కోబాల్ట్, 3.27 లక్షల డిస్కులు. మొత్తం అయస్కాంత భ్రామకం సుమారు 1.4 × 10⁻⁸ ఇ.ఎం.యు. (అయస్కాంత భ్రామకం యూనిట్) మాత్రమే. ఒక టెస్లా దగ్గర అయిదు మిల్లీమీటర్ల చదరపు గాజు పలక సొంత డయామాగ్నెటిక్ స్పందనే దీనికి వేల రెట్లుంటుంది. కాబట్టి దారి ఒక్కటే, కెర్ ప్రభావం: అయస్కాంతం మీద పడి వెనక్కి వచ్చిన కాంతి ధ్రువణ తలం కొద్దిగా తిరగడం. 1877 నుంచి తెలిసిన పద్ధతి ఇది.

చదరంలో డిస్కులు ఆక్రమించే స్థలం 12.6 శాతమే కాబట్టి కోణం చిన్నదవుతుంది. ప్లస్ మైనస్ 0.6 టెస్లాల మధ్య క్షేత్రాన్ని తిప్పి హిస్టరిసిస్ లూప్ (క్షేత్రం వెళ్లి వచ్చేటప్పుడు అయస్కాంతీకరణ గీసే వలయం) గీస్తే, డిస్కుల కోయర్సివిటీ (అయస్కాంతీకరణను తిప్పడానికి కావలసిన క్షేత్రం) కోయని పొర కంటే ఎక్కువ కనిపించాలి. పొరలో ఎక్కడో ఒక బలహీన చోట తిరుగుబాటు మొదలై గోడ పాకుతూ అంతా మారుతుంది. డిస్కుల్లో ఒక్కోటీ విడిగా తిరగాలి. కోసాక కోయర్సివిటీ తగ్గితే, లూప్ వాలిపోతే, అంచులు పాడయ్యాయని అర్థం. ఆ పలకతో ముందుకెళ్లి లాభం లేదు. లూప్ మీద సరళ రేఖ వాలు కలిసి కనిపిస్తే అది డిస్కులది కాదు. విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య ఉన్న లెన్సు గాజులో ఫారడే భ్రమణం (క్షేత్రంలో ఉన్న గాజు గుండా పోయే కాంతి ధ్రువణ తలం తిరగడం) అది. లెన్సును దూరం జరిపి, పొడవు ఫోకస్ ఉన్నది వాడితే చాలావరకు పోతుంది.

ఆప్టిక్స్

లేజరు టైటానియం–సఫైర్ ఆంప్లిఫయర్: 800 నానోమీటర్లు, సెకనుకు 1000 పల్సులు, ఒక్కోటి 100 ఫెమ్టోసెకన్లు. కాంతిని రెండుగా చీల్చి, పెద్ద భాగం పంపుకు, చిన్న భాగాన్ని బీబీఓ స్ఫటికంలో 400 నానోమీటర్లకు మార్చి ప్రోబ్‌కు వాడతాం. ప్రోబ్‌ను 520 చుట్టుపక్కల పెట్టకూడదు. బంగారంలో వేడెక్కిన ఎలక్ట్రాన్లు ఆ రంగు దగ్గర పరావర్తనాన్ని విపరీతంగా మారుస్తాయి. అయస్కాంత సిగ్నల్ దాని కింద మునిగిపోతుంది. 800 కాంతి కంటికి మసక ఎరుపుగా ఉండీ లేనట్టు కనిపిస్తుంది గానీ, దాని అసలు తీవ్రత కన్ను పసిగట్టలేదు. రక్షణ కళ్లద్దాలు, కార్డుతోనే దాన్ని వెతకాలి.

పంపు, ప్రోబ్‌ల మధ్య ఆలస్యాన్ని మార్చే డిలే స్టేజ్ (జరిగే అద్దాల బల్ల) ఒక మైక్రోమీటరు జరిగితే కాంతి రెండు మైక్రోమీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే 6.7 ఫెమ్టోసెకన్లు. 150 మిల్లీమీటర్ల స్టేజ్ ఒక నానోసెకను ఇస్తుంది. అంత దూరం నడిపేటప్పుడు ప్రోబ్ చుక్క పక్కకు జరగకూడదు. నమూనా చోట కెమెరా పెట్టి, స్టేజ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి చూడండి. 5 మైక్రోమీటర్ల కంటే ఎక్కువ జరిగితే, మీకు కనిపించే నెమ్మదైన తరుగుదల అయస్కాంతానిది కాదు, జరిగిన చుక్కది.

పంపు చుక్క వ్యాసార్ధం 50 మైక్రోమీటర్లు, ప్రోబ్ 20. బ్లేడును చుక్కకు అడ్డంగా జరుపుతూ కొలవాలి. ఫ్లూయెన్స్ (చదరపు సెంటీమీటరుకు పడే పల్సు శక్తి) లెక్కలో దాదాపు అందరూ ఒకసారైనా తప్పుతారు. చుక్క మధ్యలో ఉండే శిఖర విలువ, పల్సు శక్తికి రెట్టింపును π, వ్యాసార్ధ వర్గం, ఈ రెంటి లబ్ధంతో భాగిస్తే వస్తుంది. ఆ రెట్టింపు మరిచిపోతే సగమే వస్తుంది. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీజౌలు కావాలంటే పల్సుకు 39 నానోజౌళ్లు, సగటు శక్తి 39 మైక్రోవాట్లు. ఇంత తక్కువను థర్మల్ మీటరు నిలకడగా చదవలేదు. సిలికాన్ డయోడ్ మీటరు వాడండి. లేదా ఎక్కువ శక్తి దగ్గర కొలిచి, తెలిసిన ఫిల్టర్లతో తగ్గించండి.

వెనక్కి వచ్చిన ప్రోబ్ హాఫ్ వేవ్ ప్లేట్ (ధ్రువణ తలాన్ని తిప్పేది), వోలాస్టన్ పట్టకం (రెండు ధ్రువణాలను విడదీసేది) దాటి రెండు డయోడ్ల మీద పడుతుంది. రెండు డయోడ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే భ్రమణ కోణానికి రెట్టింపు రేడియన్లలో వస్తుంది. దీన్ని నమ్మే ముందు హాఫ్ వేవ్ ప్లేట్‌ను 0.1 డిగ్రీ తిప్పి, 0.2 డిగ్రీల భ్రమణం చూపిస్తుందో లేదో సరిచూసుకోవాలి. పంపు దారిలో 500 హెర్ట్జ్ చాపర్ (కాంతిని అడ్డుకుంటూ వదిలే చక్రం), లేజరుతో తాళం కలిపి. ఒక పల్సు వెళ్తుంది, తర్వాతిది ఆగుతుంది. లాక్‌ఇన్ ఆంప్లిఫయర్ ఆ తేడాను పట్టుకుంటుంది.

కాంతి దిశ మార్చడానికి 50 కిలోహెర్ట్జ్ ఫోటోఎలాస్టిక్ మాడ్యులేటర్ (ధ్రువణాన్ని వేగంగా మార్చే పరికరం) వాడొచ్చు కదా అనిపిస్తుంది. సెకనుకు 1000 పల్సుల లేజరుతో అది కుదరదు. పల్సు వచ్చిన క్షణాన మాడ్యులేటర్ ఏ దశలో ఉంటే ఆ ధ్రువణమే వస్తుంది. అందుకే మోటారు బిగించిన క్వార్టర్ వేవ్ ప్లేట్‌ను ప్లస్ 45, మైనస్ 45 డిగ్రీల మధ్య తిప్పాం. ప్లేట్ జీరో ఆర్డర్‌దై ఉండాలి. 100 ఫెమ్టోసెకన్ల పల్సు వెడల్పు 9 నానోమీటర్ల పైన ఉంటుంది, మల్టీ ఆర్డర్ ప్లేట్ ఆ వెడల్పంతటికీ ఒకేలా పనిచేయదు. నమూనాకు ముందు చివరి భాగం ఇదే కావాలి. దాని తర్వాత అద్దం ఒక్కటి ఉన్నా, ముఖ్యంగా డైక్రోయిక్ (ఒక రంగును తిప్పికొట్టి మరో రంగును వదిలే) అద్దం, వృత్తం దీర్ఘవృత్తం అయిపోతుంది.

ఇక్కడొక సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. నమూనా చోట పోలరైజర్ తిప్పి చూస్తే గరిష్ఠ, కనిష్ఠ శక్తుల నిష్పత్తి 1.05 వచ్చిందనుకుందాం. వృత్తాకార భాగం 99.97 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మిగిలిపోయిన సరళ భాగం 2.4 శాతం. అంత తేడా ఎందుకంటే వృత్తం పాడవడం వర్గంలో తెలుస్తుంది, సరళ భాగం పెరగడం నేరుగా తెలుస్తుంది. పైగా ప్లేట్ తిప్పి కుడిని ఎడమ చేసినప్పుడు ఆ సరళ భాగం కూడా 90 డిగ్రీలు తిరగొచ్చు. డిస్కు కాస్త కోలగా ఉంటే చాలు, ఒక దిశలో ఎక్కువ పీల్చుకుని, మరో దిశలో తక్కువ పీల్చుకుని, అచ్చం కాంతి దిశ ప్రభావంలాంటి తేడా చూపిస్తుంది. మందు: నిష్పత్తిని 1.01కి తేవడం, ఆపైన నమూనాను దాని తలంలోనే 90 డిగ్రీలు తిప్పి మొత్తం కొలత మళ్లీ చేయడం. కోల డిస్కుల వల్ల వచ్చిన తేడా అయితే గుర్తు మారుతుంది. అసలు ప్రభావానికి గుర్తు మారదు.

నాలుగు కొలతలు

ప్రతి ఫ్లూయెన్స్ దగ్గరా నాలుగు గీతలు కావాలి: కుడి కాంతి–క్షేత్రం పైకి; కుడి–కిందికి; ఎడమ–పైకి; ఎడమ–కిందికి. క్షేత్రం కోయర్సివిటీ కంటే ఎక్కువ ఉండాలి, ఒక పల్సుకూ ఇంకో పల్సుకూ మధ్య ఉన్న మిల్లీసెకనులో డిస్కులన్నీ మొదటి స్థితికి రావాలి కాబట్టి.

ఈ నాలుగింటినీ కలిపి నాలుగు భాగాలు చేస్తాం. కాంతి దిశ మార్చినా మారనిది, క్షేత్రం తిప్పితే గుర్తు మారేది వేడి వల్ల వచ్చిన అయస్కాంత నష్టం. అన్నిటికంటే పెద్దది ఇదే. రెండూ మార్చినా మారనిది చెత్త: చెల్లాచెదురైన పంపు కాంతి, గాజులో ఒత్తిడి. రెండిటితోనూ గుర్తు మారేది కుడి, ఎడమ కాంతుల శక్తి సమానంగా లేదని చెబుతుంది. ప్లేట్ తిరిగినప్పుడు దాని వాలు వల్ల చుక్క కొద్దిగా జరిగినా ఇదే వస్తుంది. ఈ మూడోది సున్నాకు రానంతవరకు నాలుగోదాన్ని చూడడమే దండగ.

నాలుగోది కాంతి దిశతో గుర్తు మారేది, క్షేత్రంతో మారనిది. మనం వెతికే విలోమ ఫారడే ప్రభావం ఇక్కడే ఉంటుంది. చిక్కేమిటంటే ఎంసీడీ, అంటే అయస్కాంతం కుడి ఎడమ కాంతులను హెచ్చుతగ్గులుగా పీల్చుకోవడం, అది కూడా ఇక్కడికే వస్తుంది. పీల్చుకునే తేడా అయస్కాంతీకరణకు అనుపాతం. ఆ వేడికి పోయే అయస్కాంతీకరణ కూడా అయస్కాంతీకరణకే అనుపాతం. రెండూ గుణించుకుంటే వర్గం, క్షేత్రం తిప్పినా గుర్తు మారదు. సౌష్ఠవంతో ఈ రెంటినీ విడదీయలేం. సగం డిస్కులు పైకి, సగం కిందికి ఉంచి సగటు సున్నా చేస్తే ఎంసీడీ పోతుందనుకోవడం కూడా తప్పే. ఒక్కో డిస్కులో వర్గం సున్నా కాదు కదా, సగటులోనూ మిగిలే ఉంటుంది.

విడదీసేది కాలం, జంట పలక. విలోమ ఫారడే పల్సు ఉన్నంతసేపే ఉంటుంది. పంపు, ప్రోబ్ ఒకదాని మీద ఒకటి పడే వెడల్పులో శిఖరంలా లేచి దిగిపోతుంది. ప్లాస్మాన్ ఆయువు 10 ఫెమ్టోసెకన్ల స్థాయిది కాబట్టి అది శిఖరాన్ని కనబడేంతగా సాగదీయదు. ఎంసీడీ వేడి వల్ల వచ్చింది శిఖరం తర్వాత మెట్టులా మిగిలి, పికోసెకన్లలో మెల్లగా తగ్గుతుంది. కోబాల్ట్ లేని డిస్కుల మీద శిఖరం ఒక్కటే వచ్చి, మెట్టు అసలు లేకపోవాలి. అయితే ఆ శిఖరం ఎత్తు కోబాల్ట్ ఉన్న డిస్కులతో సమానంగా ఉంటే, మనం చూస్తున్నది బంగారంలోని ఎలక్ట్రాన్ల చుట్టు తిరుగుడు ప్రోబ్‌ను తిప్పడమే. కోబాల్ట్ కదిలిందనడానికి అది సాక్ష్యం కాదు. కోబాల్ట్ కదిలిందని చెప్పాలంటే కోబాల్ట్ ఉన్న డిస్కుల్లో శిఖరం దాటాక కూడా, ఎంసీడీ లెక్కకు మించిన మెట్టు మిగలాలి. అది 800 దగ్గర అనునాదం ఉన్న డిస్కుల్లో పెద్దదిగా, దూరమున్నవాటిలో చిన్నదిగా కనిపించాలి. అప్పుడు కూడా పోల్చాల్సింది సమాన ఫ్లూయెన్స్ దగ్గర కాదు. అనునాదంలో ఉన్న డిస్కు ఎక్కువ పీల్చుకుంటుంది. రెండిటిలోనూ వేడి వల్ల వచ్చిన నష్టం సమానంగా ఉండేలా ఫ్లూయెన్స్ సర్దాకే పోల్చాలి. ఈ ఒక్క సర్దుబాటుతో ఆకర్షణీయంగా కనిపించిన పెరుగుదల చాలావరకు కరిగిపోవడం మేము చూశాం. అప్పటి నుంచి సమాన ఫ్లూయెన్స్ పోలికను పక్కన పెట్టేశాం.

భ్రమణంతో పాటు ఎలిప్టిసిటీని (ధ్రువణం ఎంత దీర్ఘవృత్తంగా మారిందో) కూడా కొలవండి, వోలాస్టన్‌కు ముందు క్వార్టర్ వేవ్ ప్లేట్ పెడితే చాలు. రెండిటి సాపేక్ష మార్పూ ఒకేలా ఉంటే అయస్కాంతమే మారింది. తొలి కొన్ని వందల ఫెమ్టోసెకన్లలో అవి విడిపోతే, మారింది లోహం ఆప్టికల్ గుణాలు.

వేడి చేసే ద్రోహాలు

గాజు వేడిని సరిగా మోసుకుపోదు, సఫైర్‌తో పోలిస్తే చాలా నాసి. పంపు వెలుగుతుండగా, ప్రోబ్‌ను పంపు కంటే ముందు వచ్చేలా పెట్టి హిస్టరిసిస్ లూప్ గీయండి. పంపు మూసినప్పటి లూప్ కంటే కోయర్సివిటీ తగ్గితే, నమూనా సగటున వేడెక్కి ఉందని అర్థం. సెకనుకు 8 కోట్ల పల్సులిచ్చే ఆసిలేటర్ వాడితే ఇది మరీ ఎక్కువ. పల్సుకూ పల్సుకూ మధ్య 12.5 నానోసెకన్లే దొరుకుతుంది, చల్లారడానికి అది చాలదు.

చదరపు సెంటీమీటరుకు 0.5 మిల్లీజౌళ్లతో మొదలుపెట్టి పైకి వెళ్లండి, ప్రతి మెట్టు తర్వాతా మళ్లీ 0.5 దగ్గరికి వచ్చి మొదటి గీతతో పోల్చండి. బంగారం 1064 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి ఇంకా దూరమే ఉందని ధీమాగా ఉండకూడదు. నానో డిస్కులో అంచు అణువులు కరగకముందే జారుతాయి. లక్షల పల్సుల తర్వాత చదునైన డిస్కు మెల్లగా గుండ్రబడుతుంది. స్పెక్ట్రమ్‌లో లోయ నీలం వైపు జరగడం దీని గుర్తు. ఒకసారి జరిగాక అది వెనక్కి రాదు. ఆ చదరాన్ని వదిలేసి, అలాంటిదే ఇంకోదానికి వెళ్లడమే. అందుకే ఒక్కో వ్యాసానికి మూడు నాలుగు చదరాలు ముందే రాసి ఉంచాలి.

పక్కగోడల్లో కోబాల్ట్ గాలికి తెరుచుకునే ఉంటుంది. కొలతలు లేనప్పుడు నమూనాను పొడి నైట్రోజన్‌లో ఉంచండి, వారానికోసారి లూప్ గీసి తొలి లూప్‌తో పోల్చండి. అన్ని కొలతలూ ముగిసి, ఏ చదరం మీద ఎంత ఫ్లూయెన్స్, ఎంతసేపు పడిందో రాసుకున్న తర్వాతే అసలు పలకను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కిందికి తీసుకెళ్లండి. పంపు పడిన చోట డిస్కులనూ, చదరం మూలల్లో కాంతి చూడని డిస్కులనూ పక్కపక్కన పెట్టి వ్యాసాలు కొలిస్తే, గీతల్లో చివరగా మిగిలిన సందేహాలు ఎన్నో అక్కడ తీరతాయి.